సీడీ ప్లేయరు కొంటున్నారా? ముందు ఇంట్లోని సీడీలు చూసుకోండి

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల: బతుకమ్మ పాటలు, ఒగ్గు కథలు, తెలంగాణ ఉద్యమ గీతాలు, కొండగట్టు, ధర్మపురి, వేములవాడ యాత్రల్లో కొన్న భక్తి గీతాలు, పెళ్లి వేడుకల దృశ్యాలు... పూర్వపు కరీంనగర్ జిల్లాలో ఇప్పటికీ అనేక ఇళ్లలో అలమరల అడుగున సీడీల డబ్బాలు పదిలంగా ఉన్నాయి. వాటిని వినిపించే యంత్రాలకే కొరత ఏర్పడింది. కొత్త టీవీలకు సీడీ పెట్టే అర లేదు. కొత్త ల్యాప్‌టాప్‌లలోనూ దాదాపుగా కనుమరుగైంది. కార్లలో సైతం ఆ స్థానాన్ని యూఎస్‌బీ, బ్లూటూత్ ఆక్రమించాయి. ఈ నేపథ్యంలో ఇంట్లో పాటలు వినేందుకు తక్కువ ఖర్చులో సీడీ ప్లేయరును సమకూర్చుకోవాలనుకునేవారు ఏ అంశాలు చూసుకోవాలి, వేటిని పట్టించుకోనవసరం లేదు అన్న విషయాలపై అవగాహన అవసరం.

మొదట ఒక మాట స్పష్టం చేయవలసి ఉంది. సెల్‌ఫోన్‌లో వెతికిన క్షణంలోనే దొరికే సినిమా పాటల కోసమే అయితే సీడీ ప్లేయరు కొనవలసిన పని లేదు. పాటలు ముందే నింపి అమ్మే పెట్టెలు కూడా ఉన్నాయి. సరిగమ సంస్థ 2017లో తెచ్చిన ‘కారవాన్’ అటువంటిదే. మరెక్కడా దొరకని ధ్వని మన ఇంటి సీడీలో ఉన్నప్పుడే ఈ ఖర్చుకు సార్థకత. ఊళ్లో పట్నం వేసిన రాత్రి రికార్డు చేసుకున్న ఒగ్గు కథ, గతించిన పెద్దల మాటలు, గల్ఫ్ నుంచి వచ్చిన క్యాసెట్లలోంచి సీడీలోకి ఎక్కించుకున్న సంభాషణలు అంగడిలో మళ్లీ కొందామంటే దొరికేవి కావు. కనుక ప్లేయరు ఎంపికకు గీటురాయి ఇదే: మన వద్ద ఉన్నవాటిలో అన్నిటికంటే మొండికేసే సీడీని అది చదవాలి. ధ్వని మాధుర్యం, సంస్థ పేరు, దూరనియంత్రణ సదుపాయం వంటివన్నీ దాని తరువాతనే.

అన్నీ ఒకేలా కనిపిస్తాయి

సీడీని ఫిలిప్స్, సోనీ సంస్థలు కలిసి రూపొందించాయి. 1982 అక్టోబరు 1న జపాన్‌లో సోనీ సంస్థ సీడీపీ-101 పేరుతో తొలి ప్లేయరును అమ్మకానికి పెట్టింది. అప్పటి వెల 1,68,000 యెన్‌లు. ఆ రోజుల్లో మన పల్లెలకు గల్ఫ్ నుంచి వస్తున్నది క్యాసెట్ల ‘టూ ఇన్ వన్’ మాత్రమే. సీడీ మన ముంగిటికి చేరేనాటికి చాలా ఏళ్లు గడిచాయి. అది కూడా పాటల బిళ్లగా కంటే సినిమా బిళ్లగానే, అనగా 1993లో ప్రమాణాలు ఖరారైన వీసీడీ రూపంలోనే ఎక్కువగా చేరింది. ఈ తేడాను గమనించకపోవడం వల్లనే నేడు పలువురు తమకు పనికిరాని ప్లేయరును కొంటున్నారు.

ఇంట్లోని డబ్బాను విప్పితే సాధారణంగా నాలుగు రకాల బిళ్లలు కనిపిస్తాయి. మొదటిది అసలైన ఆడియో సీడీ. ఇందులో 74 నుంచి 80 నిమిషాల పాటలు పడతాయి. ధ్వనిని క్షణానికి 44,100 సార్లు కొలిచి, ఒక్కో కొలతను 16 బిట్లలో నమోదు చేస్తారు. రెండు చానళ్లకు కలిపి క్షణానికి 14 లక్షలకు పైగా బిట్లు అవుతాయి. రెండవది 2000 దశకంలో బస్టాండ్ల వద్ద ‘నూట యాభై పాటలు’ అంటూ అమ్మిన ఎంపీ3 సీడీ. ఇందులోని పాటలు తరచుగా క్షణానికి 1,28,000 బిట్లకు కుదించినవి. అంటే ఆడియో సీడీలోని సమాచారంలో పదకొండో వంతు. ఇటువంటి బిళ్లను ఎంత ఖరీదైన ప్లేయరులో వేసినా అందులో లేని ధ్వని బయటికి రాదు. మూడవది వీసీడీ, నాలుగవది డీవీడీ. స్థానిక కళాకారుల జానపదాలు, ఒగ్గు కథలు, బతుకమ్మ పాటలు కూడా దృశ్యంతో పాటు వీసీడీలుగా వచ్చాయి. పైన అట్ట మీద ‘పాటల సీడీ’ అని ఉన్నంత మాత్రాన లోపల ఉన్నది ఆడియో సీడీ అని చెప్పలేము.

రకం తెలుసుకోవడానికి సులువైన మార్గం సీడీ డ్రైవు ఉన్న ఏదైనా పాత కంప్యూటరులో వేసి చూడటం. ‘ట్రాక్ 1, ట్రాక్ 2’ అని వరుసగా కనిపిస్తే ఆడియో సీడీ. ‘ఎంపెగ్‌ఏవీ’ అనే ఫోల్డరు ఉంటే వీసీడీ. పాటల పేర్లతో ఫైళ్లు కనిపిస్తే ఎంపీ3. ఒక పూట కూర్చుని డబ్బా మొత్తాన్ని వేరు చేసి పెట్టుకుంటే ఏ యంత్రం కొనాలన్న ప్రశ్నకు సగం జవాబు దొరికినట్లే.

ఏ యంత్రం ఎవరికి?

కేవలం ఆడియో సీడీలే ఉన్నవారు, వాటిని శ్రద్ధగా వినదలచినవారు, చేతిలో డబ్బున్నవారు ప్రత్యేక సీడీ ప్లేయరును ఎంచుకోవచ్చు. యమహా సీడీ-ఎస్303, డెనాన్ డీసీడీ-600ఎన్‌ఈ, మరాంజ్ సీడీ6007 ఈ తరగతిలో ప్రారంభ స్థాయివి. ‘ప్రారంభ స్థాయి’ అన్న మాటను చూసి మోసపోరాదు. మన లెక్కన ఇవి చవకైన వస్తువులు కావు. పైగా ఇవి వీసీడీలోని దృశ్యాన్నీ చూపవు, అందులోని పాటనూ వినిపించవు. కొన్నాక ఇంటికి తెచ్చి ఒగ్గు కథ వీసీడీ వేస్తే ప్లేయరు మౌనం వహిస్తుంది. అది యంత్రలోపం కాదు. ఆ పనికి అది తయారు కాలేదు.

ఆన్‌లైన్ దుకాణాల్లో విరివిగా కనిపించేవి స్పీకరు, బ్యాటరీ, బ్లూటూత్ అన్నీ లోపలే ఉన్న చిన్న సీడీ పెట్టెలు. వంటింట్లోనో, బీడీలు చుట్టుకుంటూనో వినేవారికి సరిపోతాయి. కానీ వీటి స్పీకర్లు చిన్నవి, డోలు దరువు అందులో పలకదు. కొనేముందు వెనుకవైపు ‘లైన్ అవుట్’ ఉన్నదా లేదా చూసుకోవాలి. అది ఉంటే తరువాతి కాలంలో పెద్ద యాంప్లిఫయరుకు కలుపుకునే వీలుంటుంది.

ఈ మూడు పట్టణాల్లోని సగటు ఇంటికి మా సూచన పాత డీవీడీ ప్లేయరే. ఆడియో సీడీ, ఎంపీ3, వీసీడీ, డీవీడీ నాలుగింటినీ చదివే యంత్రం ఇదొక్కటే. బ్లూరే ప్లేయర్లు డీవీడీ కంటే మెరుగైనవే అయినా వాటిలో పలు మోడళ్లు వీసీడీని స్వీకరించవు. ఫిలిప్స్, సోనీ, శాంసంగ్, ఎల్‌జీ వంటి సంస్థల డీవీడీ ప్లేయర్లు ఒకప్పుడు ఇంటింటా ఉండేవి. ఇప్పుడవి అటకల మీద, మరమ్మతు దుకాణాల మూలల్లో దుమ్ము పట్టి ఉన్నాయి. కొనడానికి ముందు బంధువుల ఇళ్లలో ఒకసారి అడిగి చూడటం మంచిది. ముందు భాగంలో అంకెలు కనిపించే తెర ఉన్న మోడలును ఎంచుకుంటే ఆడియో సీడీ వినేందుకు ప్రతిసారీ టీవీ వేయనక్కరలేదు. తెర లేని చవక మోడళ్లలో ఏ పాట నడుస్తున్నదో తెలుసుకోవడం కష్టమవుతుంది.

చదివేది లెన్స్

ప్లేయరు ఆయువు మొత్తం మన మెకానిక్‌లు ‘లెన్స్’ అని పిలిచే చిన్న భాగంలో ఉంటుంది. సీడీలోని సమాచారం లోపలి అంచు నుంచి బయటి అంచుకు చుట్లు చుట్లుగా సాగే ఒకే ఒక్క దారిలో ఉంటుంది. చుట్టుకు, చుట్టుకు మధ్య దూరం మిల్లీమీటరులో వెయ్యోవంతును మాత్రమే మించి, 1.6 మైక్రాన్లు. ఆ దారిని విప్పి పరిస్తే సుమారు 5 కిలోమీటర్ల పొడవు ఉంటుంది. లేజరు కిరణం దానిపై పడి తిరిగి వచ్చే వెలుగును బట్టి ప్లేయరు ధ్వనిని పునర్నిర్మిస్తుంది. బిళ్ల లోపలి అంచు వద్ద నిమిషానికి 500 చుట్లు, బయటి అంచు వద్ద 200 చుట్లు తిరుగుతుంది.

వెలుగు ఎంత తిరిగి వస్తుందన్నదే కీలకం. కర్మాగారంలో ముద్రించిన సీడీ పడిన వెలుగులో కనీసం 70 శాతం తిప్పి పంపుతుంది. కంప్యూటరులో రైట్ చేసిన సీడీ-ఆర్‌లో లోహపు పొర కింద రసాయన రంగు పూత ఉంటుంది. ఎండ, వేడి తగిలితే ఆ పూత క్షీణిస్తుంది. చెరిపి మళ్లీ రాసే సీడీ-ఆర్‌డబ్ల్యూ తిప్పి పంపేది 15 నుంచి 25 శాతమే. లెన్స్ వృద్ధాప్యంలో పడ్డ ప్లేయరు ముద్రిత సీడీని బాగానే వినిపించి, మీ ఇంటి సీడీ-ఆర్‌ను మాత్రం ‘డిస్క్ లేదు’ అని తిరస్కరించడానికి కారణం ఇదే. బిళ్ల చెడిపోయిందని పారవేసే ముందు మరో రెండు ప్లేయర్లలో వేసి చూడాలి.

డీవీడీ ప్లేయరు కొనేవారు తెలుసుకోవలసిన మరో సంగతి ఉంది. డీవీడీని చదివేది 650 నానోమీటర్ల ఎర్ర లేజరు. సీడీని చదివేది 780 నానోమీటర్ల లేజరు. చాలా డీవీడీ ప్లేయర్లలో ఈ రెండూ విడివిడిగా ఉంటాయి. ఒకటి బాగుండి రెండోది పోయిన యంత్రాలు అరుదు కాదు. అమ్మేవారు సినిమా డీవీడీ వేసి చూపించి ‘పనిచేస్తోంది’ అంటే సీడీల సంగతి తేలనట్లే. సీడీ వేయించి చూడాలి.

దుకాణంలో పరీక్ష

పాత ప్లేయరు కొనడానికి వెళ్లేటప్పుడు వెంట మూడు బిళ్లలు తీసుకెళ్లాలి. ఒకటి డెబ్భై నిమిషాలకు మించిన ముద్రిత ఆడియో సీడీ, రెండోది ఇంట్లో అన్నిటికంటే పాతదైన సీడీ-ఆర్, మూడోది వీసీడీ. అమూల్యమైన బిళ్లను మాత్రం తెలియని యంత్రంలో పెట్టరాదు. ట్రే సరిగా లేకపోతే అది గీతలు పెట్టవచ్చు.

ముద్రిత సీడీ వేశాక పాటల సంఖ్య కనిపించడానికి పట్టే సమయాన్ని గమనించాలి. పది సెకన్లలోపు రావాలి. చాలాసేపు గరగరమని తిరిగి అప్పుడు చదివిందంటే లెన్స్ బలహీనపడిందని అనుమానించాలి. ఆ వెంటనే చివరి పాటకు వెళ్లాలి. బిళ్లలో సమాచారం లోపలి నుంచి బయటికి సాగుతుంది కాబట్టి చివరి పాట బయటి అంచున ఉంటుంది. బిళ్ల ఊగిసలాట అక్కడే ఎక్కువ. మొదటి పాట మాత్రమే విని కొన్నవారు ఇంటికి వచ్చాక ఎనిమిదో పాట దగ్గర ఆగిపోతోందని తిరిగి వెళ్లవలసి వస్తుంది. మొదటి నుంచి చివరికి, చివరి నుంచి మొదటికి నాలుగైదుసార్లు దూకించి చూడాలి. తరువాత సీడీ-ఆర్ వేసి అదే విధంగా చేయాలి. వీలైతే అరగంటసేపు నడిపించమని అడగాలి. చల్లగా ఉన్నప్పుడు పాడి, వేడెక్కాక తడబడే యంత్రాలు చాలా ఉంటాయి. దుకాణదారు విసుక్కున్నా సరే, ఈ అరగంటను వదులుకోరాదన్నది మా అభిప్రాయం.

విచిత్రమేమంటే పూర్తిగా చచ్చిపోయినట్లు కనిపించే ప్లేయరు కొన్నిసార్లు తడబడే ప్లేయరు కంటే మంచి బేరం. విద్యుత్తు హెచ్చుతగ్గులకు ముందుగా దెబ్బతినేది లోపలి పవర్ సప్లై బోర్డు. అందులో పైభాగం ఉబ్బిన కెపాసిటర్లను మార్చడం మెకానిక్‌కు చిన్న పని. ట్రే బయటకు రాకపోవడానికి సాధారణ కారణం సాగిపోయిన రబ్బరు బెల్టు, దాని ఖరీదు అత్యల్పం. వీటిని సాకుగా చూపి ధర తగ్గించమని అడగవచ్చు. పాడుతూ పాడుతూ దూకే యంత్రానికి మాత్రం లెన్స్ మార్చవలసి రావచ్చు.

లెన్స్ మార్పిస్తే రెండు జాగ్రత్తలు అవసరం. పాత సీడీ, వీసీడీ పెట్టెల్లో సోనీ 213 రకం, చవక డీవీడీ ప్లేయర్లలో శాన్యో హెచ్‌డీ 62 రకం లెన్స్‌లు విస్తారంగా వాడారు. ఇటువంటి ప్రచారంలో ఉన్న రకం వాడిన ప్లేయరుకే విడిభాగం దొరికే అవకాశం ఎక్కువ. ఊళ్లో లేకపోతే హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీలో ప్రయత్నించవచ్చు. రెండోది, స్థిర విద్యుత్తు తగిలి లేజరు పాడవకుండా కొత్త లెన్స్‌పై చిన్న టంకం చుక్క పెట్టి ఉంటుంది. బిగించాక దానిని తొలగించాలి. తొలగించడం మరచిపోతే సరికొత్త లెన్స్ కూడా పనిచేయదు. కొందరు లెన్స్ మార్చకుండా పక్కనున్న చిన్న మరను తిప్పి లేజరు శక్తిని పెంచుతారు. ఆ రోజుకు ప్లేయరు చక్కగా పాడుతుంది, అయితే లేజరు ఆయువు త్వరగా తరిగిపోతుంది. ‘ఇప్పుడే రిపేరు చేశాం’ అన్నప్పుడు ఏం చేశారో అడిగి తెలుసుకోవడం మంచిది.

కొత్త వస్తువు కొంటే రసీదు తప్పనిసరి. 2020 జులై 20 నుంచి అమల్లోకి వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టం-2019 ప్రకారం ఆన్‌లైన్‌లో ఎక్కడి నుంచి కొన్నా, కొనుగోలుదారు తాను నివసించే చోటనే ఫిర్యాదు చేయవచ్చు. 5 లక్షల రూపాయల లోపు కొనుగోళ్లకు రుసుము లేదు. ముందుగా 1915 నంబరుకు ఫోన్ చేసి సలహా పొందవచ్చు.

గల్ఫ్ నుంచి వచ్చిన యంత్రమా?

2016 అక్టోబరు 11న ఏర్పడిన జగిత్యాల, రాజన్న సిరిసిల్ల జిల్లాల్లో గల్ఫ్‌కు వెళ్లినవారు లేని ఊరు తక్కువ. సెలవులకు వచ్చినప్పుడు తెచ్చిన మ్యూజిక్ సిస్టమ్‌లు కోరుట్ల, జగిత్యాల ఇళ్లలో నేటికీ కనిపిస్తాయి. నాటి యంత్రాల నిర్మాణం గట్టిది. వాటిని బయటకు తీసి వాడుకోవడం తెలివైన పనే. కానీ ప్లగ్గు పెట్టడానికి ముందు వెనుకనున్న రేకుపై ఏమి రాసి ఉన్నదో చదవాలి.

దుబాయ్, కువైట్, ఖతార్, ఒమన్ దేశాల విద్యుత్తు మన 230 వోల్టులకు దగ్గరగానే ఉంటుంది. అక్కడి నుంచి వచ్చిన యంత్రానికి మూడు చదరపు కడ్డీల ప్లగ్గును మార్పిస్తే చాలు. వదులుగా ఊగే అడాప్టరు కంటే ప్లగ్గు మార్చడమే భద్రం. సౌదీ అరేబియా నుంచి వచ్చిన పాత యంత్రాల విషయం వేరు. అక్కడి ఇళ్లలో చాలాకాలం 127 వోల్టుల సరఫరా ఉండేది, అది కూడా 60 హెర్ట్జ్‌లది. రేకుపై ‘110–240 వోల్టులు’ అని ఉంటే భయం లేదు. 110, 120 లేదా 127 అని మాత్రమే ఉంటే నేరుగా పెట్టిన మరుక్షణంలో కాలిపోతుంది. కొన్నిటికి వెనుక వోల్టేజి మార్చే మీట ఉంటుంది, దానిని 220 లేక 240 వైపు తిప్పాలి. లేనివాటికి స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. హెర్ట్జ్‌ల తేడా వల్ల పాట వేగం మారుతుందన్న అనుమానం కొందరికి ఉంది. సీడీ వేగాన్ని లోపలి స్ఫటిక గడియారం నియంత్రిస్తుంది కనుక పాట మారదు. 60 హెర్ట్జ్‌లకే తయారైన ట్రాన్స్‌ఫార్మర్ మాత్రం మన 50 హెర్ట్జ్‌ల వద్ద కొంత ఎక్కువ వేడెక్కుతుంది. గాలి ఆడే చోట ఉంచాలి.

ప్రాంత సంకేతాల గొడవ కూడా ఒకటి ఉంది. డీవీడీలను ప్రపంచంలో ప్రాంతాలవారీగా విభజించారు. భారత్ 5వ ప్రాంతంలో, గల్ఫ్ దేశాలు 2వ ప్రాంతంలో ఉన్నాయి. దుబాయ్ ప్లేయరు మన సినిమా డీవీడీని తిరస్కరించిందంటే కారణం అదే కావచ్చు. ఆడియో సీడీలకు, వీసీడీలకు ఈ హద్దులు లేవు.

సాంచెల ఊళ్లో దూది దుమ్ము

సిరిసిల్లలో సమస్య మరో రకమైనది. సాంచెలు నడిచే వాడల్లో గాలిలో నూలు, పాలిస్టరు నూగు తేలుతూ ఉంటుంది. అది ట్రే సందుల్లోంచి దూరి లెన్స్‌పై పొరలా పేరుకుంటుంది. ఇటువంటి చోట ‘లెన్స్ పోయింది’ అని తేల్చడానికి ముందు శుభ్రం చేయించి చూడాలి. ప్లగ్గు తీసి, మూత విప్పి, కెమెరా వారు వాడే రబ్బరు బుడ్డితో గాలి కొట్టాలి. అప్పటికీ మసక పోకపోతే దూది పుల్లకు ఐసోప్రొపైల్ ఆల్కహాలు కొద్దిగా అద్ది, నొక్కకుండా తుడవాలి. పెట్రోలు, థిన్నర్, గోళ్ల రంగు తుడిచే ద్రావణం వాడితే ప్లాస్టిక్ లెన్స్ పాడవుతుంది. వాడనప్పుడు ప్లేయరుపై గుడ్డ కప్పి ఉంచడం మంచిదే, పాడుతున్నప్పుడు మాత్రం తీసివేయాలి. వానాకాలంలో చెమ్మ వల్ల లెన్స్‌పై ఆవిరి పట్టి బిళ్లను చదవకపోతే కంగారు పడనక్కరలేదు. ఒక గంట ఖాళీగా ఆన్‌చేసి ఉంచితే ఆరిపోతుంది.

బిళ్లను తుడిచే పద్ధతి కూడా చాలామందికి తెలియదు. గ్రామఫోను రికార్డులా గుండ్రంగా తుడుస్తారు. సీడీలో చదివే దారి గుండ్రంగానే ఉంటుంది కాబట్టి ఆ దిశలో పడే గీత ఒకే చోట చాలా సమాచారాన్ని తుడిచిపెడుతుంది. సుమారు రెండున్నర మిల్లీమీటర్ల పొడవున సమాచారం పోయినా ప్లేయరు లెక్కగట్టి పూరించుకోగలదు, అంతకు మించితే తడబడుతుంది. మధ్య రంధ్రం నుంచి అంచుకు తిన్నగా తుడవాలి. మరొక మాట: ప్రమాదమంతా మెరిసే వైపే ఉందనుకోవడం పొరపాటు. ఆ వైపు 1.2 మిల్లీమీటర్ల మందాన ప్లాస్టిక్ రక్షణ ఉంది. అక్షరాలు ముద్రించిన వైపు లోహపు పొరను కాపాడేది పలుచని లక్క వంటి పూత మాత్రమే. అటువైపు గోరు గీసుకున్నా సమాచారం పోవచ్చు.

డబ్బు ఎక్కడ పెట్టాలి?

ఐదు వేల రూపాయలు చేతిలో ఉన్నాయనుకుందాం. మా లెక్కన అందులో ప్లేయరుకు వేయికి మించి కేటాయించరాదు. మిగిలినదంతా స్పీకర్లకు, యాంప్లిఫయరుకు చెందాలి. పనిచేసే స్థితిలో ఉన్న ఒక సాధారణ డీవీడీ ప్లేయరుకు, ఖరీదైన సీడీ ప్లేయరుకు మధ్య చెవికి తెలిసే తేడా స్వల్పం. మంచి స్పీకరుకు, నాసిరకం స్పీకరుకు మధ్య తేడా మాత్రం పక్కింటివారికి కూడా తెలుస్తుంది. పైగా మనం వినేవాటిలో పాత పాటలు ఎక్కువ. సిరిసిల్ల గడ్డకు చెందిన హనుమాజీపేట వాసి డాక్టర్ సి.నారాయణరెడ్డి 1962 నాటి ‘గులేబకావళి కథ’తో సినీ గీత రచన ప్రారంభించారు. ఆ దశకపు తెలుగు పాటలు దాదాపుగా మోనోలో, ఒకే చానల్‌లో రికార్డయినవి. అదే ఊరివాడైన ఒగ్గు కథ కళాకారుడు మిద్దె రాములు వంటివారి గళాన్ని ఆస్వాదించడానికి కావలసింది కూడా మాట స్పష్టంగా పలికే స్పీకరు. కిటికీ అద్దాలు అదిరే బాస్ అక్కరలేదు.

వెనుక భాగంలోని ఎరుపు, తెలుపు రంధ్రాల నుంచి వచ్చే రెండు తీగలను యాంప్లిఫయరు ‘ఆక్స్’ లేదా ‘సీడీ’ అని రాసి ఉన్న చోట కలపాలి. పసుపు రంగుది దృశ్యానికి, అది టీవీకి. భజన మండలి వద్ద మిగిలిన పాత మైకు యాంప్లిఫయరును వాడదలచినవారు ప్లేయరును మైకు రంధ్రంలో కలపరాదు. ప్లేయరు ఇచ్చేది సుమారు 2 వోల్టుల సంకేతం, మైకు రంధ్రం ఆశించేది అందులో వెయ్యో వంతు స్థాయి. ధ్వని చీలిపోయి వినిపిస్తుంది. ‘ఫోనో’ అని రాసి ఉన్నది గ్రామఫోనుకు ఉద్దేశించినది, దానికీ కలపరాదు. అలాగే మైకు యాంప్లిఫయరులో ఇంటి స్పీకర్లను 4 లేక 8 ఓమ్‌ల గుర్తు ఉన్న చోటనే బిగించాలి. 100 వోల్టుల గుర్తు ఉన్నది చెట్లకు కట్టే హారన్ల కోసం, అక్కడ బిగిస్తే ఇంటి స్పీకరు కాలిపోతుంది.

డీవీడీ ప్లేయరు సెట్టింగుల్లో ఆడియోను ‘స్టీరియో’, డిజిటల్ అవుట్‌ను ‘పీసీఎం’గా ఒకసారి మార్చుకుంటే సరిపోతుంది. స్పీకర్లు రెండూ కూర్చునే చోటికి సమాన దూరంలో, చెవి ఎత్తులో ఉండాలి. స్లాబు ఇళ్లలో నాలుగు గోడలు ఖాళీగా ఉంటే పాట మార్మోగుతుంది. దానికి పరదాలు కట్టమని సలహా ఇస్తుంటారు. పలుచని పాలిస్టరు పరదా ధ్వనిని పీల్చుకోదు. అందుకు ఎదురు గోడకు వేలాడదీసిన పాత చీరల బొంత మేలు.

ముందు నకలు తీయండి

ప్లేయరు సమకూరాక మొదట చేయవలసిన పని వినడం కాదు, నకలు తీయడం. సీడీ-ఆర్ ఏ రోజు చదవడం మానేస్తుందో చెప్పలేము. యూఎస్‌బీతో కలిపే సీడీ, డీవీడీ డ్రైవు ఒకటి రెండు వేల రూపాయల స్థాయిలో దొరుకుతుంది. నలుగురు బంధువులు కలిసి కొనుక్కున్నా సరిపోతుంది. మామూలు ప్లేయరు ఆగిపోయిన చోట కంప్యూటరు డ్రైవు వెనక్కి వెళ్లి పదేపదే ప్రయత్నిస్తుంది కనుక తడబడే బిళ్ల కూడా కొన్నిసార్లు పూర్తిగా వస్తుంది. ఆడియో సీడీలను నకలు తీయడానికి ‘ఎగ్జాక్ట్ ఆడియో కాపీ’ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. ఎంపీ3గా కుదించకుండా ‘ఫ్లాక్’ రూపంలో భద్రపరిస్తే సమాచారం ఏమీ పోదు. వీసీడీలో ‘ఎంపెగ్‌ఏవీ’ ఫోల్డరులోని ‘డాట్’ ఫైలును కాపీ చేసుకుంటే చాలు, అది వీఎల్‌సీ ప్లేయరులో నడుస్తుంది. నకలును రెండు చోట్ల ఉంచాలి. ఒకటి ఇంట్లో, రెండోది మరో ఇంట్లో. సొంతానికి దాచుకోవడం వేరు, కళాకారుల పాటలను నకలు తీసి అమ్మడం వేరు. రెండోది నేరం.

బిళ్లలను ప్లాస్టిక్ కవర్లలో ఒకదానిపై ఒకటి పేర్చకుండా డబ్బాల్లో నిలువుగా, ఎండ తగలని చోట, వంటింటి గోడకు దూరంగా ఉంచాలి. స్లాబు కింది అటక ఎండాకాలంలో పనికిరాదు. సీడీ-ఆర్‌పై కాగితపు స్టిక్కరు అతికించరాదు. పీకినప్పుడు లోహపు పొర కూడా ఊడివస్తుంది, ఒక పక్కకు బరువెక్కి బిళ్ల ఊగుతుంది. ఇప్పటికే అతికించి ఉంటే పీకకుండా అలాగే నకలు తీసుకోవాలి. బాల్‌పెన్నుతో రాస్తే మొన గుచ్చుకుంటుంది. ఎవరి గొంతు, ఏ ఊరు, ఏ సంవత్సరం అన్న వివరాలు రాయదలచినవారు మెత్తని మొన మార్కరుతో, సమాచారం లేని నడిమి పారదర్శక వలయంపై చిన్న అక్షరాలతో రాసుకోవాలి.